రిబ్బను పువ్వు – దాని వెల



పూలతో కూడిన దారమునకును పరిమళ మబ్బునని మన పెద్దలు చెప్పుదురు. మంచివారి చెంత నున్నవారికి వారి మంచితనము కొంత సోకునని ఆ మాటకు భావము. నేడు మేము చెప్పబోవు పువ్వునందు పువ్వు వేరు, దారము వేరు అనుట లేదు. దారమే మగ్గముపై పట్టీ యగును. పట్టీయే వ్రేళ్ల నడుమ మడతపడి పువ్వగును. ఎవరి చెంతనుండియు దానికి పరిమళము రాదు. అందున్న అందమంతయు నేసినవారి చేతిది, మడచినవారి చేతిది. కావున రిబ్బను పువ్వును గూర్చి చెప్పునపుడు ఆ చేతిని గూర్చియు చెప్పక తీరదు.

ఈ ప్రసంగమున రెండు విషయములు చెప్పదలచితిమి. మొదటిది, రిబ్బనును కత్తిరింపక మడతతోనే పువ్వు చేయు విధము. రెండవది, ఈ చిన్న పనికి లోకము ఏ వెల కట్టినది, మనము ఏ వెల కట్టవలెను అను విచారము. రేడియోలో బొమ్మ చూపుట సాధ్యము కాదు. అందుచేత వినువారు ఒక చిన్న సాయము చేయవలెను. పాత వార్తాపత్రికనుండి 1 అంగుళము వెడల్పు, 30 అంగుళముల పొడవు గల పట్టీని కత్తిరించి చేతిలో నుంచుకొనుడు. ఒక ముక్క చాలనిచో రెండు ముక్కలు అతికించుకొనవచ్చును. చెవి వినుచుండగా చేయి మడచుచుండినచో బొమ్మ అక్కర యుండదు.

ముందుగా రిబ్బను అనగా నేమో తెలిసికొందము. సన్నగా చింపిన గుడ్డపీలికలన్నియు రిబ్బనులు కావు. చీరకు రెండు ప్రక్కల అంచు లున్నట్లే రిబ్బనుకును రెండు ప్రక్కల నేసిన అంచు లుండును. పడుగును పెనవేసిన పేక పోగు అంచు దగ్గర తెగక వెనుకకు మరలును. అందుచేతనే రిబ్బను ప్రక్కలు ఎంత వాడినను పోగులు విడిపోవు. పాత చీరనుండి చింపిన పీలికకు ఆ రక్షణ లేదు. నాలుగు మడతలు పెట్టునప్పటికే దాని ప్రక్కలు పీచు లేచును. సన్నని పట్టీని వెడల్పు బట్టవలెనే రెండంచులతో నేయుటలోనే రిబ్బను నేతగాని నేర్పంతయు నున్నది.

నిగనిగలాడు శాటిన్ రిబ్బను సంగతి మరికొంత చెప్పవలెను. సాదా నేతలో పడుగు పోగు ఒక పేక మీదుగా, ఒక పేక క్రిందుగా పోవును. శాటిన్ నేతలో అది పలు పేకల మీదుగా తేలి, ఒక్క పేక క్రింద మాత్రము మునుగును. తేలిన పోగులు దగ్గర దగ్గరగా పరచుకొనుటచేత వెలుతురు వానిపై జారి మెరపు కలుగును. ఒక ముఖమున మాత్రమే మెరయు రకము కలదు, రెండు ముఖములను మెరయు రకము కలదు. మడత పువ్వులో రిబ్బను మాటిమాటికి బోర్లపడును. కావున దీనికి రెండు ముఖముల మెరపు గలదియే తగినది. పూర్వము ఇవి పట్టుతో నేసినవి. నేడు అంగళ్లలో దొరకు శాటిన్ రిబ్బనులలో అధికభాగము పాలియెస్టరుతో నేసినవి.

మడత మన ఇండ్లకు క్రొత్త విద్య కాదు. చీర కుచ్చెళ్లు మడతలే. తాంబూలపు చిలుక మడతయే. ఆత్రేయపురపు పూతరేకు ఆ సన్నని పొరను చింపకుండ మడచుటలోనే తయారగును. వానకారున మొగలి పూచినపుడు రేకుల అంచులనున్న ముళ్లను తీసివేసి, రేకును మడతలు పెట్టి జడకు కుట్టుట మన స్త్రీలకు పరంపరగా వచ్చిన అలంకారము. ఇక బడికి పోవు బాలికల రెండు జడలను చూడుడు. జడను పైకి మడచి, చెవి దగ్గర రిబ్బనుతో ముడి వేసి, ముడికి పైన ఉచ్చులను విప్పార్చి తల్లి చేయునది రిబ్బను పువ్వు కాక మరేమి? ఆ పువ్వునకు సూది లేదు, బంక లేదు. సాయంకాలము బాలిక ఇల్లు చేరగానే అది మరల సాదా రిబ్బనై చిలుకకొయ్యకు వ్రేలాడును.

ఈ కడపటి మాటలో ఒక మర్మము కలదు. కత్తెర చేసిన పని తిరిగి రాదు. మడత చేసిన పని తిరిగి వచ్చును. ఆకుల ఆకారమున రేకులు కత్తిరించి అతికించి చేసిన గుడ్డపువ్వు మాసిపోయిననాడు పారవేయదగినదే యగును. మడత పువ్వు విప్పినచో మొదటి రిబ్బను మొదటి పొడవున చేతికి వచ్చును. అందుచేత మేము ఇచ్చట చెప్పు పద్ధతులలో కత్తెరకు పని మొదటను చివరను మాత్రమే; నడుమ లేదు. బంకకు మారుగా దారమునే వాడుడని చెప్పుటకును ఇదియే కారణము. కుట్టు విప్పవచ్చును, బంక విప్పరాదు.

ఇప్పుడు గులాబి మడతను చెప్పెదము. చేతిలోని పట్టీని అడ్డముగా చాచి, సరిగా నడుమ పట్టుకొనుడు. కుడి సగమును కుడివైపుననే ఉంచుడు. ఎడమ సగమును నడిమి నుండి ఏటవాలుగా ముందువైపునకు మడచి క్రిందికి దింపుడు. ఇప్పుడు ఒక తోక కుడివైపునకును, ఒక తోక క్రిందికిని ఉన్నవి. రెండును కలియు మూల 1 అంగుళపు చదరము. ఆ చదరమును ఎడమచేతి బొటనవ్రేలితో అదిమి పట్టుకొనుడు. ఇక ఈ చదరముపైననే మడతలన్నియు పేరవలెను.

కుడివైపు తోక అడుగున నున్నది. దానిని చదరము మీదుగా ఎడమకు మడవుడు. ఇప్పుడు క్రిందికి వ్రేలాడు తోక అడుగున పడినది. దానిని మీదుగా పైకి మడవుడు. పిమ్మట ఎడమనున్న తోకను కుడికి, పైనున్న తోకను క్రిందికి. ఇట్లు నాలుగు దిక్కులును ఒక చుట్టు తిరిగినవి. సూత్రము ఒక్కటియే: ఎల్లప్పుడును అడుగున నున్న తోకనే పైకి తెచ్చి ఎదుటి దిక్కునకు మడవవలెను. వరుస తప్పినచో దొంతర నిలువదు, చేతిలోనే విడిపోవును. పిల్లలు రెండు కాగితపు పట్టీలను ఒకదానిపై నొకటి మడచి సాగెడి గొలుసు చేయుదురు గదా, ఇదియు ఆ మడతయే.

ప్రతి మడతయు రిబ్బను వెడల్పంత పొడవును తినును. మన పట్టీ 1 అంగుళము వెడల్పు గనుక 24 మడతలకు 24 అంగుళములు, మొదటి మూలకు 1 అంగుళము పోవును. 30 అంగుళములలో మిగిలినవి 5 అంగుళములు. ఒక్కొక్క తోకకు రెండున్నర. వెడల్పు మారినను లెక్క మారదు: ఏ వెడల్పు రిబ్బను తీసికొనినను దానికి 30 ఇంతల పొడవు కావలెను. అర అంగుళపు రిబ్బనుకు 15 అంగుళములు చాలును. చిన్న పువ్వు వచ్చును. 2 అంగుళముల రిబ్బనుకు 60 అంగుళములు కావలెను; అరచేతి నిండుగా పూచును.

కాగితముతో ఇంతవరకే. ఇక లాగుట రిబ్బనుతోనే చేయవలెను, కాగితము చినుగును. మడతలు ముగిసిన పిదప మిగిలిన రెండు తోకలను ఒకచోట చేర్చి రెండు వ్రేళ్లతో పట్టుకొని, దొంతరపై నున్న బొటనవ్రేలిని తీసివేయుడు. దొంతర హార్మోనియపు తిత్తివలె సాగి నిలుచును. ఇప్పుడు ఒక తోకను కదలనీయక పట్టి, రెండవ తోకను మెల్లమెల్లగా లాగుడు. తిత్తి కుంగుచు వచ్చును. చదరములు మెలి తిరిగి రేకులగును. నడిమి భాగము లోనికి దిగి, విప్పుచున్న మొగ్గవలె కానవచ్చును. అచ్చట ఆగవలెను. మరికొంచెము లాగినచో నడిమి రేకులు అడుగునుండి జారి పువ్వంతయు చిక్కుపడిన పట్టీ యగును. ఎక్కడ ఆగవలెనో చెప్పుటకు కొలత లేదు. మూడు నాలుగు పువ్వులు చేసిన చేతికి అది తెలియును. ఆగిన వెంటనే అడుగున, తోకలు వెలువడు చోట, సూదితో అన్ని మడతలును తగులునట్లు నాలుగైదు పోట్లు పొడిచి ముడి వేయవలెను. తోకలను కత్తిరింపక ఆకులవలె వదలుట మేలు.

రెండవది బ్యాడ్జి పువ్వు. సభలకు వచ్చిన పెద్దల ఎదపై గుండ్రముగా కుచ్చెళ్లు పెట్టిన పువ్వును, దాని క్రింద రెండు తోకలను మనమందరము చూచియుందుము. దీనికి గట్టి అట్టను బిళ్లగా కత్తిరించి, దానిపై 1 అంగుళము అర్ధవ్యాసముతో ఒక వలయము గీయవలెను. ఆ వలయపు చుట్టుకొలత సుమారు ఆరుంబావు అంగుళములు. కుచ్చెలకు పైన కనబడు పొర ఒకటి, లోన దాగిన పొరలు రెండు. కావున చుట్టుకొలతకు మూడింతలు, అనగా సుమారు 19 అంగుళముల రిబ్బను పట్టును. కుచ్చెళ్ల లోపలి అంచును వలయము వెంట టాకా కుట్టుతో బిగించుచు పోయి, చివర మొదటి కుచ్చెల క్రిందికి త్రోయవలెను. నడుమ ఒక గుండీని గాని, ముందు చెప్పిన చిన్న గులాబిని గాని కుట్టినచో కుట్లు కనబడవు. కుచ్చెళ్లన్నియు ఒకే దిక్కున వాలవలెను, ఒకే కొలతలో నుండవలెను. చీర కుచ్చెళ్లు తీర్చు చేతికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

కత్తిరించిన కొనలను గూర్చి ఒక హెచ్చరిక. పాలియెస్టరు, నైలాను రిబ్బనుల కొనను దీపపు మంటకు దగ్గరగా చూపినచో పోగులు కరగి అతుకుకొనును, పిదప విడిపోవు. మంటలో పెట్టరాదు, దగ్గరగా చూపిన చాలును. పట్టు, నూలు కరగవు, కాలును. వానికి కొనను సన్నగా మడచి కుట్టుటయే మార్గము. ఏ రకమో తెలియనిచో ఒక పోగును తీసి పరీక్షింపుడు: కరగి గట్టి పూసవలె ముద్దకట్టినచో కృత్రిమ నూలు, వెండ్రుక కాలిన వాసన వచ్చినచో పట్టు. ఈ పనిని పిల్లలచేత చేయింపరాదు.

ఇంతవరకు చేయు విధము చెప్పితిమి. ఇక వెల సంగతి. ఎదపై ధరించు ఈ రిబ్బను పువ్వు ఎల్లకాలమును ఇంత నిరపాయమైన వస్తువుగా లేదు. 1789 జూలైలో ఫ్రాన్సు విప్లవము చెలరేగినపుడు పారిస్ నగరపు వన్నెలైన నీలము, ఎరుపులకు రాజవంశపు తెలుపు చేరి మూడు వన్నెల పువ్వు పుట్టినది. ఆ నెల 17వ తేదీన పదునారవ లూయీ రాజు స్వయముగా పారిస్ నగరసభా భవనమునకు వచ్చి ఆ పువ్వును స్వీకరించెను. 1793 సెప్టెంబరులో స్త్రీలందరును దానిని ధరించి తీరవలెనని శాసనము వచ్చినది. ధరింపని స్త్రీకి చెరసాల విధించిరి. జానెడు రిబ్బనును గుండ్రముగా మడచినది ఒకరికి స్వేచ్ఛకు గుర్తైనది, మరొకరికి నిర్బంధమైనది. ఆ దినములలో వెలకట్టినది మడతకు కాదు, మడత తెలుపు పక్షమునకు.

ఇక నేసినవారి కథ. ఐరోపాలో రిబ్బను నేతకు పేరు పొందిన ఊళ్లు ఫ్రాన్సులో సెయింట్ ఎటియెన్, స్విట్జర్లండులో బాజిల్, ఇంగ్లండులో కావెంట్రీ. కావెంట్రీలో వేలకొలది కుటుంబములు పట్టు రిబ్బను మగ్గములపై ఆధారపడి బ్రదికినవి. ఫ్యాక్టరీకి పోక తమ ఇంటనే తమ మగ్గముపై నేయుట అచ్చటివారికి పౌరుషమైన విషయము. ఆవిరియంత్రముల కాలము వచ్చినను వారు ఆ పట్టు వదలలేదు. ఇండ్లను వరుసగా కట్టి, పైఅంతస్తున వెడల్పు కిటికీలతో మగ్గపు గదులు పెట్టి, ఒక్క ఆవిరియంత్రముచేత ఆ వరుసలోని మగ్గములన్నిటిని త్రిప్పునట్లు ఏర్పాటు చేసికొనిరి. 1857లో క్యాష్ సోదరులు కట్టించిన అట్టి ఇండ్ల వరుస నేటికిని ఆ నగరమున నిలిచియున్నది.

1860 జనవరిలో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల మధ్య వర్తకపు ఒడంబడిక జరిగినది. ఫ్రెంచి పట్టువస్తువులపై ఇంగ్లండు విధించుచుండిన సుంకము తొలగినది. ఫ్రెంచి రిబ్బనులు ధారాళముగా దిగినవి. పై సంవత్సరములలో కావెంట్రీ మగ్గములు వేలకొలది నిలిచిపోయినవి. నేతగాండ్రకు అన్నము పెట్టుటకు దేశమున చందాలు పోగుచేసిరి. ఎందరో కుటుంబములతో సముద్రములు దాటి అమెరికా మున్నగు దేశములకు పోయిరి. థామస్ స్టీవెన్స్ అను ఒక నేతగాడు మాత్రము ఆ మగ్గముపైననే బొమ్మలు, శుభాకాంక్షలు నేసిన పట్టు పుస్తకపు గుర్తులను 1862 నాటికి అమ్మకమునకు పెట్టి కొందరికి పని నిలిపెను. 1863లో ఆ ఊర కుట్టుమిషనుల కంపెనీ వెలిసినది. కొలది ఏండ్లకే అది సైకిళ్ల పనికి దిగినది. ఊరు బ్రదికినది. ఆ నేర్పు మాత్రము చాలవరకు చేతులనుండి జారిపోయినది. రాజ్యములు సంతకము చేసిన కాగితమున సుంకపు లెక్క యున్నది. ఇంటి పైఅంతస్తున మగ్గముముందు కూర్చున్నవారి లెక్క లేదు.

నేసినవారి గతి అట్లుండగా, పువ్వు చేసినవారి గతి ఎట్లున్నది? ఇరువదవ శతాబ్ది మొదటి దశాబ్దములలో అమెరికాలోని న్యూయార్కు టోపీల అలంకారమునకు వలయు గుడ్డపూల పరిశ్రమకు పెద్ద కేంద్రము. మేరీ వాన్ క్లీక్ అను విదుషి ఆ పనివారల స్థితిని విచారించి 1913లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఫ్యాక్టరీలో పనిచేయు యువతులే కాక, ఇరుకు అద్దెయిండ్లలో తల్లులును పిల్లలును వంటబల్లచుట్టు కూర్చుండి పూలు చేయుచుండిరి. వారిలో పెక్కురు ఇటలీనుండి వలస వచ్చినవారు. కూలి గ్రోసు లెక్క. గ్రోసు అనగా 144. లూయిస్ హైన్ అను ఛాయాచిత్రకారుడు ఆ ఇండ్లకు పోయి తీసిన చిత్రములు ఇప్పటికిని ఉన్నవి. బల్లమీద పూలగుట్ట, చుట్టును తల్లి, అమ్మమ్మ, పాలబుగ్గల పిల్లలు. ఆ పూలు ధరించినవారు ఆ బల్లను చూచి యుండరు.

వేరొక చోట వేరొక మర్యాద. జపానులో చిన్న చిన్న చదరపు పట్టుముక్కలను పట్టకారుతో మడచి, బియ్యపు బంకతో అతికించి, తలలో ముడుచుకొను పూలు చేయు విద్య కలదు. దానికి ౘుమామి అని పేరు. మడతలు ముఖ్యముగా రెండే: గుండ్రని రేకు, మొనదేలిన రేకు. ఆ రెండింటితోనే ప్లమ్ పువ్వు, చెర్రీ పువ్వు, చేమంతి, విస్టీరియా గుత్తి మొదలగునవన్నియు పూయించి, క్యోటోలో నాట్యము నేర్చుకొను కన్యలు నెలనెలకు ఋతువునకు తగిన పువ్వును తలలో ధరింతురు. 1982లో టోక్యో నగర ప్రభుత్వము ఈ విద్యను సంప్రదాయ హస్తకళగా గుర్తించినది. పని అంతే చిన్నది, ముక్క అంతే చిన్నది. కాని చేసిన చేతికి ఒక పేరు, ఒక స్థానము కలిగినవి.

మన సంగతి చూతము. మన పట్టణములలోను గ్రామములలోను ఇంటిపట్టున నుండి కుట్టుపని, అల్లికపని చేయు స్త్రీలు అనేకులు కలరు. బడి వార్షికోత్సవమునకు నూరు బ్యాడ్జీలు, పెండ్లి పందిటికి నూరు గులాబీలు కావలెనని వారిని అడుగుట కలదు. అడుగువారు ముందుగా అడుగు ప్రశ్న, రిబ్బను ఎంత పట్టును అని. లెక్క చూతము. పువ్వునకు 30 అంగుళముల చొప్పున నూరు పూలకు 3,000 అంగుళములు. అనగా 83 గజములకు కొంచెము పైన, సుమారు 76 మీటర్లు. ఈ లెక్క అందరును వేయుదురు. ఇక రెండవ లెక్క. చేయి తిరిగిన స్త్రీకి మడచి, లాగి, కుట్టి ముగించుటకు పువ్వునకు 10 నిమిషములు పట్టునను కొందము. గంటకు 6 పూలు. నూరు పూలకు 16 గంటల 40 నిమిషములు. దినమునకు 8 గంటల చొప్పున రెండు నిండు దినములు దాటును. ఈ లెక్క అడుగువారు వేయరు. విచారకర మైనది, చేయువారును వేయరు.

వేయకపోవుటకు కారణము ఒక మాట. తీరిక వేళ చేసినది గదా, అందురు. ఇంటి స్త్రీకి తీరిక వేళ ఎక్కడిది? అన్నము వార్చి, పిల్లలను బడికి పంపి, నీళ్లు పట్టి, ఆరిన బట్టలు మడచి, ఆ పనుల నడుమ ఆమె మిగుల్చుకొనినది ఆ గంట. నిదుర తగ్గించుకొని సంపాదించినది ఆ గంట. అట్టి గంటను తీరిక అని పిలిచి, దానికి వెల లేదనుట న్యాయము కాదు. న్యూయార్కులోని ఆ వంటబల్లలకు గ్రోసు కూలి అంత తగ్గుటకు ఇంటి పని లెక్కకు రానిదను తలంపు తోడ్పడినది. సముద్రములకు ఆవలనున్న ఆ బల్లను తలచి జాలిపడుట సులభము. మన వీధిలో కుట్టుపని చేయు ఇల్లాలితో బేరమాడునపుడు ఆ జాలి జ్ఞాపకము వచ్చుట కష్టము.

అందుచేత చేయువారికి మేము మనవి చేయునది ఇది. వెల చెప్పకముందు మూడు పూలు చేసి గడియారము చూడుడు. కాగితముపై మూడు వరుసలు వ్రాయుడు: రిబ్బను ఖరీదు ఒకటి, దారము, అట్ట, పిన్నీసుల ఖరీదు రెండు, గంటల కూలి మూడు. గంటకు కూలి ఎంత యని సందేహము కలిగినచో, మీ ఊర ఇతర నేర్పుపనులకు గంటకు ఏమి ఇచ్చుచున్నారో విచారించి, దానికి తగ్గకుండ వేయుడు. మూడు వరుసలను కూడి చెప్పుడు. బేరము తగ్గింపవలసి వచ్చినచో తక్కువ ఖరీదు రిబ్బనును చూపుడు, పూల సంఖ్యను తగ్గింపుడు; మూడవ వరుసను మాత్రము తాకకుడు. గడువు చాలదని పిల్లలను చదువుకొను వేళ ఈ పనికి కూర్చుండబెట్టకుడు. వారు ముచ్చటపడి ఒక పువ్వు మడచుట వేరు. గ్రోసు లెక్కకు మడచుట వేరు.

కొనువారికి మరియొక మనవి. సభ ముగిసిన పిదప బ్యాడ్జి పూలను కుర్చీలలోను త్రోవలోను పారవేయుట చూచుచున్నాము. పాలియెస్టరు రిబ్బను మంటిలో పూలవలె కలిసిపోవునది కాదు. ఏండ్ల తరబడి అట్లే పడియుండును. ఒక బుట్టను ద్వారము దగ్గర నుంచి పూలను తిరిగి తీసికొనుడు. కుట్టు విప్పి, రిబ్బనును గోరువెచ్చని సబ్బునీటిలో ఉతికి, నీడను ఆరవేసి, పైన పలుచని గుడ్డ పరచి తక్కువ వేడి ఇస్త్రీ చేసినచో మడతల జాడ చాలవరకు పోవును. మరుసటి సభకు ఆ రిబ్బనునే తిరిగి మడిపింపుడు. అప్పుడు మీరు ఇచ్చు సొమ్ములో రిబ్బనుకు పోవునది ఏమియు లేదు. అంతయు మడచిన చేతికే పోవును.

తాజా పువ్వునకు ఇది సాటి యని మేము చెప్పుట లేదు. దేవునికి, తలలోనికి, పేరంటమునకు తోటలోని పువ్వే పువ్వు. పూలు దొరకని వేసవిని, దూరదేశమున, వాడిపోరాని వేడుకలో, బాలిక జడలో రిబ్బను పువ్వునకు దాని చోటు దానికి కలదు. మీ చేతిలోని కాగితపు పట్టీ 24 మడతలు పూర్తి యగునప్పటికి ఎన్ని నిమిషములు పట్టినవో ఒకసారి చూచుకొనుడు. ఈసారి ఎవరివద్దనైన పువ్వు కొనునపుడు ఆ నిమిషములను లెక్కలో వేయుడు.